పాత బండంటే పరుగెత్తాలి

పాత కార్ల పిచ్చోళ్ళని చూసి నేను చాలా ఏళ్ళు నవ్వుకున్నాను. బానెట్ కింద ఏముందో తెలియకుండానే పదేళ్ళు నడిపేసే బళ్ళు ఊరంతా దొరుకుతుంటే, ఎప్పుడో 1932 నాటి ఫోర్డ్ డొక్కు ఒకటి తెచ్చుకుని, ఇంటి డౌన్ పేమెంటంత డబ్బు దాని మీద పోసి, ప్రతి శనాదివారాలూ మోచేతుల దాకా గ్రీసు పూసుకోవటమేమిటి? డబ్బెక్కువైనవాళ్ళ సరదా, లేదా రిటైరైనవాళ్ళ కాలక్షేపం అని తేల్చేశాను. మనం సాఫ్ట్‌వేరు వాళ్ళం కదా, మూడేళ్ళు దాటిన లాప్‌టాపుని చూస్తేనే మొహం చిట్లిస్తాం. మన లెక్కలో పాతది అంటే పారేయాల్సింది అని అర్థం.

ఇప్పుడు అలా అనుకోవట్లేదు. ఎందుకో చెప్పటానికే ఈ టపా.

మా టీములో ఒక పెద్దాయన ఉండేవారు. అరవై దాటాయి. మెయిన్‌ఫ్రేముల కాలం నుంచీ ఉన్న మనిషి. ఆయన క్యూబికల్‌లో మనవళ్ళ ఫోటో కన్నా పెద్దది ఒక ఎర్రకారు ఫోటో. లంచ్‌లో ఎవరైనా కదిపితే చాలు, ఇక మీటింగు రూము బుకింగు గురించి మర్చిపోవాల్సిందే. 2018 అక్టోబరులో ఒక శనివారం ఆయన పోరు పడలేక బయల్దేరాను. శాన్ హోసే నుంచి నాలుగు గంటల డ్రైవు. బేకర్స్‌ఫీల్డ్‌కి ఉత్తరాన, బాదం తోటల మధ్యలో ఫమోసో అనే చోట ఒక డ్రాగ్ స్ట్రిప్ ఉంది. రెండో ప్రపంచయుద్ధం నాటి ఎయిర్‌ఫీల్డు మీద పుట్టింది. అక్కడ హాట్ రాడ్ రీయూనియన్ అని ఏటా జరిగే జాతర అన్నమాట.

అసలు హాట్ రాడ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్దాం. ఫోర్డ్ మోడల్ టి 1908 నుంచి 1927 దాకా కోటిన్నర పైగా తయారయ్యింది. అంటే 1930ల్లో అమెరికాలో ఏ తుక్కు దుకాణానికెళ్ళినా పాత ఫోర్డులు గుట్టలుగా పడుండేవి. 1932లో ఫోర్డ్ సామాన్యుడు కొనగలిగే ధరకి వి8 ఇంజను పెట్టిన కారు తెచ్చాడు. 221 ఘనపుటంగుళాలు, 65 హార్స్ పవర్. ఇవాళ్టి లెక్కలో ఏమీ కాదు గానీ, అప్పట్లో ఖరీదైన కార్లకే ఉండే వి8 అది. ఆ ఇంజను పాతబడి తుక్కులోకి రాగానే కుర్రాళ్ళ చేతిలో పడింది. కారుకున్న మడ్‌గార్డులు పీకేశారు, టాపు పీకేశారు, బరువనిపించిన ప్రతిదీ పీకేశారు. లాస్ ఏంజెలెస్‌కి అవతల ఎండిపోయిన చెరువులు ఉన్నాయి, మ్యూరాక్, ఎల్ మిరాజ్ అని. ఎడారిలో నున్నటి నేల. అక్కడికి తీసుకెళ్ళి ఎవడి బండి ఎంత వేగం పోతుందో చూసుకునేవారు. 1937లోనే వీళ్ళు క్లబ్బులన్నీ కలిపి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అని ఒకటి పెట్టుకున్నారు. 

యుద్ధం అయిపోయాక సీను మారింది. విమానాల ఇంజన్లు విప్పి బిగించటం నేర్చుకున్న వేలమంది కుర్రాళ్ళు ఇళ్ళకొచ్చారు. యుద్ధపు సరుకు తుక్కు రేటుకి అమ్ముడవుతోంది. యుద్ధ విమానాల రెక్కల కింద వేలాడదీసే పెట్రోలు ట్యాంకులు కొని, వాటి లోపల ఇంజనూ సీటూ బిగించి కార్లు చేశారంటే నమ్ముతారా? చేపలాగా ఉంటాయి, గాలిని బాగా కోస్తాయి. అలాగే జీఎంసీ 6-71 బ్లోయర్. ఆ పేరులోనే డాక్యుమెంటేషన్ ఉంది: ఆరు సిలిండర్లు, ఒక్కోటి 71 ఘనపుటంగుళాలు. బస్సుల్లో, లారీల్లో, మిలిటరీ పడవల్లో వాడే టూ స్ట్రోక్ డీజిల్ ఇంజనుకి గాలి తోసే భాగం అది. దాన్ని పీకి పెట్రోలు ఇంజను నెత్తిన పెట్టారు. ఈ పనికి కంపెనీ ఇచ్చిన మాన్యువల్ లేదు. ఎడ్ ఇస్కెండేరియన్ అని ఆర్మీనియా నుంచి వలసొచ్చినవాళ్ళ అబ్బాయి, యుద్ధం తర్వాత ఒక సెకండ్ హ్యాండ్ గ్రైండింగ్ మిషను కొని, దాన్ని తన అవసరానికి తగ్గట్టు మార్చుకుని, కామ్‌షాఫ్ట్‌లు చెక్కటం మొదలెట్టాడు. అదే తర్వాత పెద్ద కంపెనీ అయింది. గరాజుల్లో స్టార్టప్పులు పెట్టటం మన సిలికాన్ వ్యాలీవాళ్ళే కనిపెట్టారనుకుంటాం గానీ, వీళ్ళూ అదే చేశారు.

ఊళ్ళోని రోడ్ల మీద పందేలు వేస్తే మనుషులు పోతున్నారు, పోలీసులు పట్టుకుంటున్నారు. అందుకని 1950లో శాంటా అనా దగ్గర ఎయిర్‌పోర్టు రన్‌వే మీద టికెట్టు పెట్టి పందేలు నడిపారు. మరుసటేడు, 1951లో, హాట్ రాడ్ పత్రిక ఎడిటరు వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ మొదలుపెట్టాడు. పందెం రూలు పరమ సింపులు. పావు మైలు, అంటే 402 మీటర్లు. ఇద్దరు. తిన్నగా. ముందు వెళ్ళినవాడు గెలిచాడు, అంతే.

ఇక ఫమోసోలో నేను చూసింది. పార్కింగులోనే కళ్ళు మండటం మొదలయ్యింది. నైట్రోమీథేన్ పొగ. ఇక్కడ కొంచెం కెమిస్ట్రీ, ఓపిక పట్టండి. కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. కిలో నైట్రోమీథేన్‌కి 1.7 కిలోలు చాలు, ఎందుకంటే దాని అణువులోనే ఆక్సిజన్ ఉంది. కిలోకి చూస్తే దానిలో శక్తి పెట్రోలులో పావు వంతే. కానీ అదే గాలితో ఎనిమిది రెట్లకు పైగా ఇంధనం మండించొచ్చు కాబట్టి మొత్తం మీద రెట్టింపు దాటిన శక్తి వస్తుంది. ఆ మంట సైలెన్సరు లేని గొట్టాల్లోంచి బయటికొస్తుంటే శబ్దం చెవులకి కాదు, పక్కటెముకలకి వినపడుతుంది. అతిశయోక్తి అనుకుంటారేమో, నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

చీకటి పడుతున్న వేళ అసలు కార్యక్రమం. దీన్ని వాళ్ళు కాకిల్‌ఫెస్ట్ అంటారు. 1950, 60ల నాటి సన్నటి పొడుగాటి డ్రాగ్‌స్టర్లు, ముందు ఇంజను, వెనక డ్రైవరు. వాటిని వెనకనుంచి లారీలతో తోసి స్టార్టు చేస్తారు, అప్పట్లో చేసినట్టే. తర్వాత వరసగా నిలబెట్టి అలా ఆడిస్తూ ఉంచుతారు. పందెం లేదు, గెలుపూ ఓటమీ లేదు. గొట్టాల్లోంచి పసుపుపచ్చటి మంటలు. కొన్నిట్లో కూర్చున్నది అప్పట్లో వాటిని నడిపినవాళ్ళే. ఎనభైకి దగ్గర్లో ఉన్న ఒకాయన్ని ఇద్దరు పట్టుకుని కారులోకి దించటం చూశాను. దించాక ఆయన స్టీరింగు పట్టుకున్న తీరు చూస్తే, ఆ చేతులకి వణుకు ఎప్పుడైనా ఉందా అనిపించింది.

మా పెద్దాయన్ని అడిగాను, "ఇవన్నీ మ్యూజియంలో పెడితే సరిపోదా? మళ్ళీ నడపటం ఎందుకు, పాడవుతాయి కదా?" అని.

"పాడైతే బాగుచేస్తాం. బాగుచెయ్యటం కోసమైనా నడపాలి" అన్నాడు. "మ్యూజియంలో పెట్టిన ఇంజన్ని ఎవరూ విప్పరు. విప్పకపోతే ముప్పై ఏళ్ళకి అది ఎలా విప్పాలో తెలిసినవాడు ఉండడు. అప్పుడు నీ దగ్గర ఉన్నది కారు కాదు, కారు బొమ్మ."

ఈ మాట నాకు ఎక్కడ తగిలిందో చెప్పాలంటే మా నాన్న గురించి చెప్పాలి.

మా నాన్న విజయవాడ ఆటోనగర్లో లేత్ పని చేసేవారు. చిన్న షెడ్డు, ఒక్క లేత్ మిషను, ఒక డ్రిల్లింగు మిషను. 1979లో అప్పు చేసి బటాలా నుంచి తెప్పించిన లేత్ అది. లారీలవాళ్ళకి బుష్షులు, స్లీవులు, షాఫ్టులు తీసేవారు. కొత్త పార్టు దొరక్కపోతే పాతదాని కొలత తీసుకుని ఇనప ముక్కలోంచి చెక్కి ఇచ్చేవారు. నా ఇంజనీరింగు ఫీజులు ఆ చెక్కుడు పొట్టులోంచే వచ్చాయి. 2011లో మోకాళ్ళ ఆపరేషను అయ్యాక షెడ్డు ఖాళీ చెయ్యాల్సొచ్చింది. నేను రెండు వారాల సెలవు మీద వెళ్ళాను. పనులన్నీ తెమల్చాలి కదా. లేత్‌ని ఎవరు కొంటారని వెతికే ఓపిక నాకు లేదు. పాత ఇనప సామానువాడికి ఫోన్ చేశాను. కిలోల లెక్కన తూచి తీసుకెళ్ళాడు. నాన్న ఇంట్లోనే ఉన్నారు, కాలు చాపుకుని మంచం మీద. "అమ్మేశా నాన్నా" అంటే "సరేలేరా" అన్నారు. అంతే. నేను ఆ మాటని అంగీకారం కింద రాసేసుకుని ఫ్లైటెక్కేశాను.

2019 మొదట్లో అమ్మానాన్నా మా దగ్గరికొచ్చారు. అమెరికాలో మన పెద్దవాళ్ళ సంగతి మీకు తెలిసిందే, గుడి, కాస్ట్‌కో, మళ్ళీ గుడి. మార్చిలో ఫమోసోలో మార్చ్ మీట్ జరుగుతుంది. 1959లో మొదలైన పందెం అది. పెద్ద సంఘం 1957 నుంచి నైట్రోని నిషేధిస్తే, బేకర్స్‌ఫీల్డ్ స్మోకర్స్ అనే స్థానిక క్లబ్బువాళ్ళు మేం నడుపుతాం రండి అని పిలిచారు. ఫ్లోరిడా నుంచి డాన్ గార్లిట్స్ దేశం ఈ కొసకి బండి లాక్కొచ్చి, ఇక్కడివాళ్ళ చేతిలో ఓడిపోయి వెళ్ళిందీ అప్పుడే. ఈసారి మా పెద్దాయన, నేను, మా నాన్న ముగ్గురం వెళ్ళాం.

అక్కడ టికెట్టు ఉన్న ఎవరైనా టీములు బళ్ళు విప్పుకునే చోటికి వెళ్ళొచ్చు. పందేనికీ పందేనికీ మధ్య ఇంజను పైనుంచి కిందకి విప్పేస్తారు. హెడ్లు, పిస్టన్లు, రాడ్లు, బేరింగులు అన్నీ చూసుకుని గంటా రెండు గంటల్లో మళ్ళీ బిగిస్తారు. నాన్నకి ఇంగ్లీషు రాదు. వాళ్ళకి తెలుగు రాదు. ఒక బల్ల మీద పాత బేరింగు ముక్క కనపడితే తీసుకుని, గోటితో గీసి, వెలుతురుకి తిప్పి చూసి, "ఇది ఇంకో రౌండు ఆగదురా, చెప్పు వాళ్ళకి" అన్నారు. చెప్పాను. అక్కడున్నాయన నవ్వి, అది అప్పుడే పీకి పారేసిందేనని చెత్త డబ్బా చూపించాడు. తర్వాత స్పార్కు ప్లగ్గులు వరసగా పెట్టి ఒక్కోటీ నాన్నకి చూపించటం మొదలెట్టాడు. అరగంట వాళ్ళిద్దరూ వేళ్ళతోనే మాట్లాడుకున్నారు. నేను దుబాసీగా నిలబడ్డాను గానీ నాతో ఎవరికీ పని పడలేదు.

వెనక్కొచ్చేటప్పుడు కారులో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎప్పుడో అన్నారు, "మన లేత్ కూడా ఆడుతూనే ఉంది కదరా అప్పటికి."

ఎనిమిదేళ్ళు దాచుకున్న మాట అది. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

సరే, ఇంతవరకూ చదివి "ఓహో, పాతదంతా బంగారమని చెప్పబోతున్నాడు" అనుకుంటే పొరపాటు. నేను చెప్పేది అది కాదు. ఆ మైదానంలో నాకు నచ్చింది వాళ్ళు పాతదాన్ని గుడ్డిగా పూజించకపోవటం.

గార్లిట్స్ సంగతే చూడండి. 1970 మార్చిలో లాంగ్ బీచ్ దగ్గరి లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో స్టార్టింగు లైను దగ్గరే ఆయన బండి ట్రాన్స్‌మిషన్ పేలిపోయింది. కుడిపాదంలో కొంత భాగం పోయింది. ముందు ఇంజను బండిలో డ్రైవరు కాళ్ళ మధ్యే ఆ యంత్రమంతా ఉంటుంది. ఇంజను పేలితే నూనే మంటా మొహం మీదకే వస్తాయి. అది అందరికీ తెలుసు. అయినా ఎప్పుడూ అలాగే చేస్తున్నాం కదా అని అలాగే చేశారు. ఆయన ఆసుపత్రి మంచం మీద నుంచే ఆలోచించి, ఇంజన్ని డ్రైవరు వెనక్కి మార్చి, 1971లో ఆ బండితో వింటర్ నేషనల్సూ, ఈ మార్చ్ మీటూ రెండూ గెలిచాడు. ఒకటి రెండేళ్ళలో అందరూ ఆ దారే పట్టారు.

మరి ఇవాళ నోస్టాల్జియా పందేల్లో ముందు ఇంజను బళ్ళు ఎందుకు నడుపుతున్నారు? నడుపుతున్నారు గానీ, 1965లో నడిపినట్టు కాదు. చుట్టూ గట్టి రోల్ కేజ్, మంటలకి ఆగే సూటు, మెడ విరక్కుండా పట్టీలు, వెనక పారాచూట్లు. ఇప్పటి వేగం కూడా తక్కువేమీ కాదు, పావు మైలు ఐదున్నర సెకన్ల చిల్లర, గంటకి 250 మైళ్ళ పైమాట. రూపం ఉంచారు, శబ్దం ఉంచారు, చేత్తో విప్పి బిగించగలిగే పద్ధతి ఉంచారు. మనుషుల్ని చంపిన భాగం తీసేశారు. మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ అదే, లోపలి బగ్గులు సరిచేశారు.

పాత రోజులు అందరికీ మంచివి కావన్నది ఇంకో సంగతి. షర్లీ మల్డౌనీ అనే ఆవిడ 1973లో టాప్ ఫ్యూయల్ లైసెన్సు తెచ్చుకునేదాకా ఆడవాళ్ళకి ఆ బండి మీద కూర్చునే దారి లేదు. ఆవిడ 1977, 1980, 1982ల్లో మూడుసార్లు ఛాంపియన్ అయింది. ఆ రోజులే బాగుండేవి అని ఒక మగాడు నిట్టూరిస్తే, ఎవరికి బాగుండేవి అని అడగాల్సిందే. పర్యావరణం ప్రశ్న కూడా ఉంది. కొన్ని సెకన్ల సరదాకి అంత ఇంధనమా అంటే, ఆ పొగని నేను సమర్థించను. డబ్బు మాటా నిజమే. మెరుగులద్ది, ట్రైలరు మీద తీసుకొచ్చి, ట్రైలరు మీదే తీసుకెళ్ళే కార్లు బోలెడు కనిపించాయి. తుక్కులోంచి పుట్టిన కళ వేలం పాటలకెక్కితే, మొదట్లో దాన్ని కనిపెట్టిన పంతొమ్మిదేళ్ళ పేద కుర్రాడికి అందులో చోటుండదు. నాకు అవి నచ్చలేదు. రంగు వెలిసి, ఆయిలు కారుతూ, పందెంలో నిలబడే బండే నాకు నచ్చింది.

అలాగని కొత్తది తక్కువని కాదు. ఇప్పటి టాప్ ఫ్యూయల్ బళ్ళు గంటకి 330 మైళ్ళు దాటుతున్నాయి. 2008 జూన్‌లో స్కాట్ కలిటా న్యూజెర్సీలో ప్రమాదంలో చనిపోయాక, వాటి పందెం దూరాన్ని పావు మైలు నుంచి వెయ్యి అడుగులకి తగ్గించారు. దాదాపు అరవై ఏళ్ళ సంప్రదాయాన్ని ఒక మనిషి ప్రాణం కోసం మార్చుకున్నారు. మంచి పనే చేశారు. పాతదాన్ని ప్రేమించటానికీ, మార్చుకోవటానికీ వైరం లేదన్నదానికి ఇంతకన్నా ఏం కావాలి?

మన వృత్తిలో ఇలాంటిది ఒకటి చూశాను. మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో 1959లో ఐబీఎం ప్రకటించిన 1401 మిషన్లని కొందరు వాలంటీర్లు, వాళ్ళలో చాలామంది రిటైరైన ఇంజనీర్లు, ఏళ్ళ తరబడి కూర్చుని బాగుచేసి నడిపించారు. అద్దాల వెనక పెట్టి బోర్డు రాస్తే ఎవరూ కాదనేవారు కాదు. కానీ కార్డు పంచ్ చేసి లోపలికి పంపితే ప్రింటరు గడగడలాడుతూ నీ పేరు అచ్చేసినప్పుడు తెలిసేది, బోర్డు చదివితే తెలియదు. మనం రాసిన కోడుకి ఆ అదృష్టం ఉంటుందా? నేను 2006లో రాసిన ప్రోగ్రాములు ఇప్పుడు ఏ మిషను మీదా నడవవు. నడిపించటం నాకే రాదు. ఒక హాట్ రాడరు 90 ఏళ్ళ ఇంజన్ని విప్పి బిగిస్తాడు, నేను ఇరవై ఏళ్ళ నా సొంత కోడుని కంపైల్ చెయ్యలేను. ఎవరిది పిచ్చో ఇప్పుడు చెప్పండి.

నా అభిప్రాయం ఇంతే. పాత వస్తువు మీద ప్రేమ అంటే దాన్ని తలుచుకుని నిట్టూర్చటం కాదు. దాన్ని నడిపించే బాధ్యత తీసుకోవటం. నడిపిస్తే దాని మంచీ తెలుస్తుంది, చెడూ తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యం, అది తెలిసిన మనిషి అవసరమవుతాడు. మా నాన్న లేత్‌ని నేను తుక్కుకి అమ్మినప్పుడు ఇనుముకి రేటు కట్టారు. ముప్పై రెండేళ్ళు దాని మీద చెయ్యి ఆడించిన మనిషికి కట్టలేదు. అది కాటా వేసినవాడి తప్పు కాదు, వాడికి ఫోన్ చేసిన నా తప్పు.

మీ ఊళ్ళో, మీ ఇంటి వెనకాల, కవరు కప్పిన చేతకో, బుల్లెట్టో, ఆయిలింజనో, కుట్టుమిషనో ఉండే ఉంటుంది. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు, సామానువాడికి ఫోన్ చేసేముందు ఒకసారి స్టార్టు చేయించండి. దాన్ని వాడిన పెద్దవాళ్ళ చేతే చేయించండి. స్టార్టవ్వకపోతే ఇంకా మంచిది, ఎందుకు అవ్వలేదో వాళ్ళు చెబుతారు. పక్కన కూర్చుని వినండి. తర్వాత అమ్ముకుంటారో ఉంచుకుంటారో మీ ఇష్టం.

మా నాన్న వెర్నియరు కాలిపరు ఒకటి నా దగ్గర మిగిలింది. స్కేలు మీద అంకెలు సగం అరిగిపోయాయి. దాంతో కొలత ఎలా తియ్యాలో మొన్నామధ్య వీడియో కాల్‌లో మా అబ్బాయికి ఆయనే నేర్పారు. పాయింట్ రెండు తేడా వచ్చిందని తాతా మనవళ్ళు గంటసేపు వాదించుకున్నారు. నేను పక్కన కూర్చుని విన్నాను.